అయ్యగారి పాళీ

పేర్రాజు మాస్టారికి వచ్చిన కష్టం వింటే మీరు నవ్వుతారేమో గానీ, ఆయనకి మాత్రం మూడు వారాలుగా అన్నం సయించడం లేదు. గురువుగారు ఏరికోరి ఇచ్చిన కలం ఆయన చేతిలో రాయడం లేదు.

బొత్తిగా రాయకపోతే ఏదో ఒకటి అనుకోవచ్చు. సున్నా చుట్టబోతే సగంలో సిరా ఆగిపోతుంది. దీర్ఘం ఇవ్వబోతే కాగితాన్ని గీరుతుంది. కొమ్ము దగ్గరికొచ్చేసరికి ఇంత బొట్టు రాల్చి ఊరుకుంటుంది. ఇదే కలం గురువుగారి చేతిలో నలభై ఏళ్లు మెత్తగా నడిచింది!

పోనీ కలాల సంగతి తెలియని మనిషా అంటే, అదీ కాదు. హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాక మాస్టారికి మిగిలిన పిచ్చి అదొక్కటే. ఇంట్లో పదమూడు కలాలున్నాయి. తేనె రంగుది, పండు మిరప రంగుది, ఆకుపచ్చ మీద నల్లచారలు తిరిగినది. ప్రతి ఆదివారం పొద్దున్నే వాటిని గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పాత పంచె మీద వరసగా ఆరబెట్టేవారు. "పిల్లలకి ఒక్కనాడైనా ఇంత శ్రద్ధగా నీళ్లు పోశారా?" అని భార్య సూరమ్మ గారు దెప్పిపొడిచేవారు.

ఆవిడకేం తెలుసు? మూత తిప్పుతుంటే చేతికి తగిలే ఆ నునుపు, ఫిల్లరుతో సిరా పోస్తుంటే వచ్చే ఆ వాసన, మొదటి అక్షరం తడిగా మెరిసి చూస్తూండగానే ఆరిపోవడం. ఆ సుఖం కోసమే మాస్టారు పచారీ సరుకుల చీటీ కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవారు.

గురువు అచ్యుతయ్య గారిని అందరూ అయ్యగారు అంటారు. గోదారి లంకలో, కొబ్బరితోట మధ్య రెండు గదుల పాక ఆయనది. కాషాయం కట్టరు, ఉపన్యాసాలివ్వరు. ఎక్కడెక్కడి వాళ్లో తమ కష్టం కార్డు మీద రాసి పంపుతారు. ఎంత పెద్ద కష్టానికైనా ఆయన తన చేత్తో మూడు లైన్లలో జవాబు రాస్తారు. అదే ఆయన పూజ, తపస్సూనూ.

ఇప్పుడాయన కళ్లకి పొరలు కమ్మాయి. అక్షరం ఆనడం లేదు. ఓనాడు పేర్రాజు మాస్టారిని పిలిచి, తన నల్ల కలం చేతిలో పెట్టారు.

"ఇకనుంచి చెప్పేది నేను, రాసేది నువ్వు. కార్డులు మాత్రం దీంతోనే రాయి నాయనా."

అంతమంది శిష్యుల్లో తనకే ఆ భాగ్యం దక్కిందని మాస్టారు పొంగిపోయారు. ఆ పొంగు మొదటి కార్డుతోనే చల్లారింది. అయ్యగారు చెప్పిన జవాబులు నోటుబుక్కులో తన తేనె రంగు కలంతో చకచకా దించుకునేవారు. వాటిని నల్ల కలంతో కార్డు మీదికి ఎక్కించబోతే అన్నీ పాడైపోయేవి. పదిహేడు మందికి జవాబులు ఆగిపోయాయి. ఎవరి ఇంట్లో ఎవరు టపా మనిషి కోసం ఎదురుచూస్తున్నారో! తను ఈ పనికి తగనేమోనన్న బెంగ ఆయన్ని తినేస్తోంది.

"పోనీ నా కలంతో రాయనాండి?" అని అడిగారు, ఉండబట్టలేక.

"నీ కలాలు బంగారంలాంటివి," అన్నారు అయ్యగారు. ఆ మాట ఊరికే అన్నది కాదు. ఓసారి మాస్టారు పదమూడింటినీ తెచ్చి చూపిస్తే, ఆయన ఒక్కోదాని మూత తీసి, వాసన చూసి, రాసి చూసి పసిపిల్లాడిలా మురిసిపోయారు. "హాయిగా రాసుకో వాటితో. కార్డులకి మాత్రం ఇదే."

మాస్టారికి ఏమీ పాలుపోలేదు. కలాల మీద మోజు తప్పా? తప్పయితే ఈయనెందుకు మురిసిపోయారు? తప్పు కాకపోతే ఈ మొండి కలంతో ఎందుకీ కుస్తీ?

"పాళీ ఓ పక్కకి అరిగిపోయిందండి," అని విడమరిచి చెప్పారు. "మీ బొటనవేలు వంగదు కదండీ. కలాన్ని చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించి, వాల్చి రాస్తారు. అందుకని అది మీ వాటానికే అరిగిందండి. నాలా నిలువుగా పట్టుకుంటే రాయదండి."

"అలాగా!" అన్నారు అయ్యగారు, ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు.

"మరి నన్నేం చెయ్యమంటారండి?"

"రాస్తూ ఉండు. తొందరేం లేదు."

ఇదేం జవాబు? పడవలో ఇంటికి వెళ్తూ అదే ఆలోచించారు, మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ అదే ఆలోచించారు. చివరికి, కలం జబ్బేమిటో తెలిశాక వైద్యం చేయించకపోవడం తన తప్పేననిపించింది.

మర్నాడే రాజమండ్రి వెళ్లారు. కలాలు బాగుచేసే సత్తిరాజు పాళీని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎవరి చెయ్యండీ ఇది? ఏళ్ల తరబడి ఒక్క వాటంలోనే రాశారు."

"మా గురువుగారిది. నా చేతికి సరిపడేలా చెయ్యాలి."

"సాన పట్టేస్తే సరిపోద్దండి. కానీ ఒకసారి పడితే మళ్లీ పాత వాటం రాదండోయ్."

"పట్టు," అన్నారు మాస్టారు.

పది నిమిషాల పని. రాసి చూసుకుంటే ప్రాణం లేచొచ్చింది. సున్నా సున్నాలా వచ్చింది, కొమ్ము కొమ్ములా తిరిగింది. ఆ సాయంత్రమే పదిహేడు కార్డులూ పూర్తిచేసి, పొద్దున్నే మొదటి పడవకి లంకలో దిగారు.

"కలం బాగుపడిందండి," అన్నారు గర్వంగా.

"మంచిది నాయనా," అన్నారు అయ్యగారు సంతోషంగా. జవాబులన్నీ చదివించుకుని విన్నారు. ఆ తర్వాత చెయ్యి చాపారు. "ఇలా ఇయ్యి. మంగమ్మకి కార్డు రాయాలి."

మంగమ్మ తునిలో ఉండే ముసలావిడ. చదువు రాదు. కొడుకు చనిపోయిన ఏడాది నుంచి అయ్యగారు నెలనెలా ఆవిడకో కార్డు రాస్తారు. ఆవిడ దాన్ని ఎవరి చేతా చదివించుకోదట. ఆ వాలుగీతలు చూసుకుని, తలగడ కింద పెట్టుకుని పడుకుంటుందట. కంటికి ఆనకపోయినా, చేతి అలవాటుతో ఆ ఒక్క కార్డూ అయ్యగారే రాస్తున్నారు.

ఆయన కలాన్ని రెండు వేళ్ల నడుమ ఇరికించి, వాల్చి, కార్డు మీద పెట్టారు. కర్రుమంది. మళ్లీ పెట్టారు. ఉత్తి గీరే పడింది, సిరా దిగలేదు. పాళీ కొసని వేలితో తడిమి చూశారు.

మాస్టారికి సంగతి అప్పుడర్థమైంది.

"సాన పట్టించానండి," అన్నారు. "నా చేతికి కుదరాలని. మీరు మళ్లీ రాస్తారన్న ధ్యాసే లేకపోయిందండి." జేబులోంచి తేనె రంగు కలం తీశారు. "దీంతో రాయండయ్యా. ఇది మెత్తగా నడుస్తుంది."

అయ్యగారు తల అడ్డంగా ఊపి, నల్ల కలాన్నే ముందుకు చాపారు.

"దీన్ని ఎలా పట్టుకోవాలో చూపించు."

"మీ వేలు వంగదు కదండీ!"

"వంగినంత వంగుతుంది. పట్టించు."

మాస్టారు ఆయన బొటనవేలిని మెల్లగా వంచి, కలానికి ఆనించారు. అయ్యగారి దవడ బిగుసుకుంది. ఒక్కో అక్షరమూ ఎగుడుదిగుడుగా, పలక పట్టిన మొదటి రోజు పిల్లాడు రాసినట్టు పడుతోంది.

"ఇలాగేనా?"

"ఇంకాస్త నిలువుగా పట్టుకోవాలండి," అన్నారు మాస్టారు. బడిలో అలవాటైన మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. అన్నాక ఆయనకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

మూడు లైన్లకి గంట పట్టింది. అందులో పాత వాలు ఒక్క గీతలోనూ లేదు. తునిలో ఆ ముసలావిడ దీన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరు రాశారని అడుగుతుంది కాబోలు. పేర్రాజు మాస్టారు తన బొటనవేలి వంక చూసుకున్నారు. ఆడించి చూశారు. ఎటు కావాలంటే అటు శుభ్రంగా వంగుతోంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"క్షమించండయ్యా."

అయ్యగారు సిరా అంటిన వేళ్లు పంచెకి తుడుచుకుని, కలానికి జాగ్రత్తగా మూత పెట్టారు.

"రేపు కాస్త పెందలాడే రా నాయనా," అన్నారు. "నాకింకా కొమ్ములు కుదరడం లేదు."