బజారు ఇంటి నాడి

“చప్పుళ్ళ మధ్య బతికే మనిషి ఆరోగ్యంగా ఉండగలడా గురువుగారూ?” అని అడిగాడు విరూపాక్షం.

వినడానికి ఏదో శాస్త్ర చర్చలా ఉంది గానీ, ఆ ప్రశ్న వెనకాల ఉన్నది ఒక అద్దె ఇల్లు. బజారు నడిబొడ్డున, బస్సులు మలుపు తిరిగే కూడలికి నాలుగు గడపల ఇవతల, పొడుగు అరుగున్న పెంకుటిల్లు. ఒకవైపు రేకు బాల్చీలు చేసే దుకాణం; పొద్దున్న ఏడింటికి సుత్తి ఎత్తారంటే దీపాలవేళకి గానీ దించరు. ఇంకోవైపు పిండిమర. ఎదురుగా కాఫీ హోటలు, అందులో నోరు మూయని రేడియో. ఔనో కాదో శుక్రవారం మధ్యాహ్నంలోగా చెప్పమన్నాడు ఇంటాయన, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. విరూపాక్షం ఈ ప్రశ్న అడుగుతున్నది ఆ శుక్రవారం పొద్దున్నే. వారం రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, ఇక లాభం లేదని గురువు దగ్గరికి వచ్చి పడ్డాడు.

పదకొండేళ్ళుగా అతను కోదండపాణిగారి దగ్గర నాడి చూడటం నేర్చుకుంటున్నాడు. నేర్చుకున్నది చాలు, సొంతంగా వైద్యం పెట్టుకోమని ఆయనే అన్నారు. అప్పుడు మొదలైంది ఈ ఇంటి గొడవ. ప్రస్తుతం అతనూ, భార్య మాణిక్యాంబా ఉంటున్నది కాలవ అవతల జీడిమామిడి తోటలో. కేక వేస్తే అందే దూరంలో మరో ఇల్లు లేదు. నాడికి నిశ్శబ్దం కావాలని ఏరికోరి అతనే ఆ ఇల్లు పట్టాడు. అక్కడే కిందటేడు మాణిక్యాంబకి నాలుగో నెలలో కడుపు పోయింది. ఆ రోజు అతను గురువుగారి వెంట పొరుగూరు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. ఇప్పుడు మళ్ళీ ఐదో నెల. ఈ బిడ్డ కూడా దక్కకపోతే మాణిక్యం తట్టుకోలేదని అతని భయం. తను అసలే తట్టుకోలేడని ఇంకా పెద్ద భయం. ఆ రెండోది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అందుకని ఇంట్లో ఉన్న ఆ కాస్త అలికిడిని కూడా ఊడ్చి పారేశాడు. టిక్కుటిక్కుమంటోందని గోడ గడియారాన్ని చుట్టాలకి ఇచ్చేశాడు. ఆవు మెడలో గంట విప్పేశాడు. కూరలమ్మే ఆమె వాకిట్లో నిలబడి కబుర్లు చెబుతోందని ఇటు రావద్దన్నాడు. ఇంత చేసి, రోజూ పొద్దున్నే భార్య ఎడమ చెయ్యి తీసుకుని, మూడు వేళ్ళూ మణికట్టు మీద ఆనించి కళ్ళు మూసుకుంటే, నాడి కప్పలా గెంతుతూ ఉండేది. కడుపుతో ఉన్నవాళ్ళ నాడి కాస్త వడిగా నడుస్తుందని అతనికి తెలియక కాదు. కానీ ఇది అది కాదు, ఇది కంగారు నాడి. ఇంత నిశ్శబ్దంలోనే ఇలా ఉంటే ఆ బజారులో ఈ మనిషి ఏమైపోవాలి? ఆ మనిషేమో, ఇంటి మాట ఎత్తగానే, “బజారు ఇల్లే తీసుకుందామండీ” అంది. అతను మారుమాట లేకుండా ఆమె చెయ్యి అందుకున్నాడు. నాడి ఎప్పటికన్నా ఎక్కువగా గెంతుతోంది. సరే, ఆ కోరిక కూడా రోగలక్షణమేనని తేల్చుకున్నాడు. భార్య మాట తోసెయ్యడానికి మగవాళ్ళు నానా దారులూ వెతుకుతారు గానీ, ఇంత శాస్త్రోక్తంగా తోసేసినవాడు ఇంకొకడు ఉండడు.

అంతటితో ఊరుకున్నాడా? మూడు రోజుల పాటు పొద్దున్నే వెళ్ళి ఆ బజారు ఇంటి అరుగు మీద కూర్చుని, మాట కలిసిన ప్రతివాడి నాడీ చూశాడు. బాల్చీలు చేసే మేస్త్రీది చూశాడు. హోటల్లో కాఫీలు అందించేవాడిది చూశాడు. బస్సు కోసం నిలబడ్డ బడిపంతులుది కూడా వదల్లేదు. అందరిదీ అదే కప్ప గంతు. ఇంకేముంది, బజారంతా రోగులేనని రుజువైపోయింది. ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పి, చివర ఆ ప్రశ్న అడిగాడు.

కోదండపాణిగారు తమలపాకుల ఈనెలు తీస్తూ విన్నారు. ఆకు నోట్లో వేసుకుని, కండువా భుజాన వేసుకుని, ఆ ఇల్లేదో తనూ చూస్తానని లేచారు. శిష్యుడికి ప్రాణం లేచొచ్చింది. అక్కడ ఒక్క అరగంట కూర్చుంటే చాలు, గురువుగారే వద్దంటారని అతని నమ్మకం.

వాళ్ళు వెళ్ళేసరికి బజారు మంచి జోరు మీదుంది. సుత్తులు మోగుతున్నాయి, పిండిమర హోరెత్తుతోంది, మలుపు దగ్గర రెండు బస్సులు ఎదురెదురుగా నిలబడి నువ్వు వెనక్కి వెళ్ళంటే నువ్వు వెళ్ళని హారన్లు కొట్టుకుంటున్నాయి. విరూపాక్షానికి కణతలు అదరడం మొదలుపెట్టాయి. అరుగు కింద గంగులమ్మ అనే ఆమె మల్లెపూలు అమ్ముకుంటోంది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె చోటు అదే. వైద్యులుగారిని చూసి నీళ్ళు చల్లి అరుగు తుడిచింది. ఆయన కూర్చుని ఆమె ఎడమ చెయ్యి అడిగి, పూరేకు ముట్టుకున్నంత తేలిగ్గా వేళ్ళు ఆనించి, కాసేపు అలాగే ఉన్నారు. తర్వాత హంస నడక అన్నారు. అంటే వాళ్ళ భాషలో నిమ్మళంగా, నిండుగా సాగే నాడి అని అర్థం.

విరూపాక్షం నమ్మలేదు. తనూ చూశాడు. కప్ప గంతే. నీకు గుండెదడ ఉంది, రాత్రిళ్ళు నిద్ర పట్టదు, తిన్నది వంటికి పట్టదు అని గంగులమ్మకి గడగడా చెప్పేశాడు. నాడీ వైద్యుల్లో అదొక గొప్ప. రోగిని ఏమీ అడగకూడదు, చెయ్యి పట్టుకుని అంతా తనే చెప్పాలి. అడిగినవాడు వేళ్ళ మీద నమ్మకం లేనివాడి కింద లెక్క. గంగులమ్మ బుగ్గన వేలేసుకుంది. తను పడుకుంటే నెత్తిన బాజాలు వాయించినా లేవననీ, తిన్నది పట్టకపోతే ఈ వొళ్ళు ఎక్కణ్ణించి వచ్చిందనీ అడిగింది. విరూపాక్షం ఆ మాట చెవిన వేసుకోలేదు. ఆమె నాడి సంగతి ఆమెకేం తెలుసు అన్నట్టు చూశాడు.

“మొహం చూస్తూ చూస్తే నాడి మోసం చేస్తుంది. కళ్ళు మూసుకుని చూడు,” అన్నారు గురువుగారు.

ఇదివరకు పెద్దింటి ఆడవాళ్ళ నాడి అలాగే చూసేవారు. చేతి మీద సన్నటి గుడ్డ కప్పితే, పైనించి వేళ్ళు ఆనించాలి. విరూపాక్షానికి అందులోనూ మంచి పేరుంది. బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. గురువుగారు గంగులమ్మ పూలబుట్ట మీద కప్పుకునే తడిగుడ్డ తీసి పరిచి, శిష్యుడి వేళ్ళు పట్టుకుని తగినచోట పెట్టారు. చల్లగా, నున్నగా తగిలింది. ఇంతలో బస్సులు రెండూ ఒక్కసారే బొయ్యిమన్నాయి. విరూపాక్షం పళ్ళు బిగించి, నాడి జారిపోకుండా ఇంకాస్త నొక్కాడు. దొరికింది. గెంతులే గెంతులు. ఇందాకటికన్నా ఎక్కువైందనీ, ఈ మనిషికి వెంటనే మందు పడాలనీ, ఈ వీధిలో ఇంకొన్నాళ్ళు కూర్చుంటే దక్కదనీ చెప్పాడు.

“ఎవురండీ దక్కనిది?” అంది గంగులమ్మ.

ఆ గొంతు అతని ఎదట నించి రాలేదు. వీధి అవతల, హోటలు మెట్ల దగ్గర నించి వచ్చింది. కళ్ళు తెరిచి చూస్తే ఆమె అక్కడ ఎవరికో మూర పూలు కొలిచి ఇస్తోంది. కోదండపాణిగారు గుడ్డ తొలగించారు. గంగులమ్మ మధ్యాహ్నం కూరకని కొనుక్కున్న అరటి దవ్వ, చెయ్యి లావున, తెల్లగా ఉంది. దాని మీద విరూపాక్షం మూడు వేళ్ళూ ఇంకా నొక్కుకునే ఉన్నాయి.

తల కొట్టేసినట్టయింది అతనికి. నాడి చూడటంలో మొట్టమొదటి రోజు చెప్పే పాఠం అది. గట్టిగా నొక్కితే చూసేవాడి వేలికొసల్లో చూసేవాడి రక్తమే కొట్టుకుంటుంది, అది రోగిది అనుకోకూడదు. ఆ పాఠం అతను ఎంతమందికో చెప్పాడు. మేస్త్రీ నాడీ, బడిపంతులు నాడీ వరసగా గుర్తొచ్చాయి. సిగ్గేసింది. అవన్నీ తన గంతులే. ఆ సిగ్గు ఇంకా పూర్తిగా పడనే లేదు, పొద్దుటి చెయ్యి గుర్తొచ్చింది. ఎడమ చెయ్యి, రెండు గాజులు పైకి తోసి, రోజూ తను పట్టుకునే చెయ్యి. విరూపాక్షం దవ్వ మీద నించి వేళ్ళు చటుక్కున తీసేశాడు.

గురువుగారు నిదానంగా, అమ్మాయికి ఏమైనా మందు ఇస్తున్నావా అని అడిగారు. ఇస్తున్నాడు. నెలన్నరగా, కంగారు తగ్గడానికి కషాయం, పూటకొక గిన్నె. పరమ చేదు. ఆమె ముక్కు మూసుకుని, ఒక్క మాట అనకుండా తాగేస్తోంది. బిడ్డకి హాని చేసేది కాదు గదా అన్నారాయన. కాదన్నాడు.

ఈలోగా గంగులమ్మ తిరిగొచ్చి తన దవ్వ తను తీసుకుంది. ఆ కషాయం తాగేది తోటలో ఉండే మాణిక్యమ్మగారేనా అని అడిగింది. ఆవిడ నీకెలా తెలుసన్నాడు విరూపాక్షం. తెలియకపోవడమేం, అతను పొద్దున్నే గురువుగారింటికి వెళ్ళాక వారానికి రెండు మూడు సార్లు కాలవ దాటి వస్తుందట, అతను ఇక్కడ కూర్చున్న ఆ మూడు రోజులే రాలేదట. ఈ అరుగు మీదే కూర్చుని దండలు కట్టడంలో తనూ ఓ చెయ్యి వేస్తుందట. రేడియోలో పాట వస్తే తనూ పాడుతుందట. మాణిక్యం పాడగా విని అతనికి ఏడాది దాటింది.

“ఈ గోలలో ఏం బాగుంటాదమ్మా అని అడిగానండీ,” అంది గంగులమ్మ. “కిందటేడు ఆ తోటలో నూతి కాడ పడిపోయి, గొంతు పోయేదాకా కేకలేసిందంట. ఎవురికీ ఇనపళ్ళేదంట. ఇక్కడైతే ఇనపడతాది గదా అంది.”

సుత్తులు మోగుతూనే ఉన్నాయి, పిండిమర తిరుగుతూనే ఉంది. విరూపాక్షానికి మాత్రం కాసేపు ఏదీ వినపడలేదు. ఆమె పడిపోయిందని అతనికి తెలియదు. కేకలు వేసిందనీ తెలియదు. ఆ రోజు ఇంటికి వచ్చి మంచం పక్కన కూలబడి ఏడ్చాడు, మందులు నూరాడు, తిండి మానేశాడు, ఆమె తల నిమిరాడు. అన్నీ చేశాడు.

“ఆ రోజు ఏమైందని నువ్వు అడగలేదా?” అన్నారు కోదండపాణిగారు.

“లేదండీ. నాడి చూశాను,” అన్నాడు విరూపాక్షం.

అన్నాక ఆ మాట తన చెవికే ఎలాగో తగిలింది. మొహం కండువాలో దాచుకున్నాడు. గురువుగారు వీధి వైపు తిరిగి బస్సులు ఎలా తప్పుకుంటున్నాయో చూస్తూ కూర్చున్నారు. గంగులమ్మ మాత్రం తన నోరు ఊరుకోదంటూ తన్ను తానే తిట్టుకుని, ఓ దోసెడు మల్లెపూలు ఆకులో చుట్టి అతని పక్కన పెట్టింది.

ఎండ అరుగు మీదికి పాకింది. వీధి చివర ఇంటాయన గొడుగు వేసుకుని వస్తూ కనిపించాడు. విరూపాక్షం ఉలిక్కిపడి లేచాడు. ఈ ఇల్లు తీసుకుంటే ఏమవుతుందో, తీసుకోకపోతే ఏమవుతుందో, ఇప్పుడు తన వేళ్ళ మీద తనకే నమ్మకం లేదు. ఇంటాయనకి ఏం చెప్పమంటారని గురువుగారిని బతిమాలుతున్నట్టు అడిగాడు.

“ఓ గంట ఆగమని నేను చెబుతాలే. నువ్వు కాలవ దాటి వెళ్ళి అమ్మాయిని అడుగు,” అన్నారాయన.

విరూపాక్షం పూలపొట్లం తీసుకుని గబగబా నాలుగడుగులు వేశాడు. వెనకనించి ఆయన మళ్ళీ పిలిచారు.

“ఒరే, అడిగేటప్పుడు మాత్రం చెయ్యి పట్టుకోకు.”