బోల్తా రత్న శాలువా

"గురువుగారండీ, వీధి వీధంతా బాగుందన్న వస్తువు నా చేతిలో మాత్రం ఎందుకు చస్తోంది? లోపం దానిదా, నాదా?"

పైడిరాజు ఈ మాట అడిగేసరికి తవిటయ్య మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. అడగ్గానే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. జూటు మిల్లు మూతపడినప్పుడు గేటు ముందు తోటి కార్మికులతో ధర్నాకు కూర్చుని, లాఠీ దెబ్బల మధ్య అక్షరాలు నేర్చుకున్న మనిషి ఆయన. ఆ నేర్చుకున్నదే ఇప్పుడు విజయనగరంలో తోపుడు బళ్ల వీధివాళ్లకు నేర్పుతున్నారు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, సాయంత్రం బళ్లు తెరిచేలోగా, ఆయన వరండాలోనే బడి. ఒకప్పుడు పలక మీద చెప్పేవారు, ఇప్పుడు ఫోను మీద చెబుతున్నారు.

ఆయన శిష్యుల్లో పైడిరాజు చురుకైనవాడు. పళ్లరసాల బండి వాడిది. బళ్లవాళ్లందరూ కలిసి ఫోనులో పెట్టుకున్న గ్రూపుకు వాడే పెద్ద. తెల్లారిందంటే అందులో సంత మొదలవుతుంది. కొత్త ఫోను కెమెరా చీకట్లో చీమను కూడా పట్టేస్తుందట, నిజమేనా? పది రూపాయల బిళ్ల చెల్లుతుందా, చెల్లదా? బంగారం ఇప్పుడు కొనాలా, దసరా దాకా ఆగాలా? పోస్టాఫీసులో వేస్తే మేలా, చీటీ కడితే మేలా? దేనికైనా పైడిరాజు దగ్గర ఒక వీడియో ఉంటుంది. వాడి మాటంటే వీధికి గురి. 'ఫోను ప్రొఫెసరు' అని పేరు కూడా పెట్టారు.

ఆ గ్రూపుకు రెండు ఆచారాలున్నాయి. ఎవరు కొత్త వస్తువు కొన్నా ఇంట్లో విప్పకూడదు. బండి దగ్గరికి తెచ్చి, పెట్టెకు పసుపు బొట్టు పెట్టి, దండ వేసి, అందరికీ టీలు పోయించి, వీడియో తీస్తుండగా విప్పాలి. అది మొదటి ఆచారం. రెండోది పైడిరాజు పుట్టించినది. ఎవరైనా ఏదైనా కొని మోసపోయారా, వాళ్ల ఫొటోకు కిరీటం పెట్టి, ఎర్ర శాలువా కప్పి, కింద 'ఈ వారం బోల్తా రత్న' అని రాసి గ్రూపులో పడేస్తాడు. ఇక వారమంతా నవ్వులే. పాపం, నకిలీ చెవిఫోన్లు కొన్న పునుగుల పోలయ్యను 'రత్నంగారూ' అని పిలవడం ఇప్పటికీ మానలేదు.

ఈ మధ్య వీధిలోకి కరెంటు పెట్టె వచ్చింది. పగలు చార్జింగు పెడితే చాలు, బండి లైట్లు, మిక్సీ, పాటల డబ్బా అన్నీ రాత్రి బండి మూసేదాకా నడుస్తాయని ఊళ్లో ఒక కొట్టువాడు అమ్మాడు. అందరికంటే ముందు పైడిరాజే కొన్నాడు. దండ వేశాడు, టీలు పోయించాడు, విప్పాడు. "మన కష్టాలు తీరిపోయాయి" అని వీడియోలో రెండు చేతులూ ఎత్తి చెప్పాడు. ఆ సాయంత్రమే, రెండో బత్తాయి గ్లాసు మిక్సీలో ఉండగానే పెట్టె కళ్లు తేలేసింది.

చెబితే శాలువా తన మీదే పడుతుంది. అందుకని వెనక జిరాక్సు కొట్టు నుంచి గుట్టుగా ఒక తీగ లాక్కుని, లైట్లు వెలిగించి, దండ వేసిన పెట్టెను ముందు నిలబెట్టాడు. ఆ వెలుగు చూసి నూడిల్సు బండివాడు కొన్నాడు. వాణ్ని చూసి చాట్ బండివాళ్లు కొన్నారు. అందరి బళ్లూ వెలుగుతున్నాయి. అందరూ బాగుందన్నారు. మరి తన పెట్టె మాత్రమే ఎందుకు చచ్చింది? ఈ దిగులుతోనే పైడిరాజు గురువుగారి దగ్గరికొచ్చాడు. ఒకటీ దాచకుండా, తీగ సంగతితో సహా చెప్పుకున్నాడు.

మాస్టారు అంతా విని కళ్లజోడు పెట్టుకున్నారు.

"ఒరే, ఆ బోల్తా రత్న బొమ్మ ఎలా చేస్తావో నాకు చూపించు."

"ఇప్పుడదెందుకండీ?"

"నేర్చుకుందామని. ముసలాణ్నయితే నేర్చుకోకూడదా?"

పైడిరాజు ఫోను తీశాడు. కిరీటం వచ్చింది. ఎర్ర శాలువా వచ్చింది. మధ్యలో మొహం పెట్టాల్సిన చోటు ఖాళీగా గుండ్రంగా ఉంది.

"ఇక్కడ ఎవరి మొహం పెట్టమంటారండీ?"

"నీ ఇష్టం" అన్నారు మాస్టారు. వాడి వంకే చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడే ఫోను గణగణలాడింది. గ్రూపులోకి ఎర్రయ్యమ్మ గొంతు వచ్చింది. ఇడ్లీల బండి ఎర్రయ్యమ్మ, వీధికంతటికీ అప్ప, అంటే అక్క. మొగుడు పోయాక ఆ బండి మీదే ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తున్న మనిషి.

"ఓరి తమ్ముడూ పైడిరాజూ! బంగారం కొట్లోన కూకున్నాను. కమ్మలు తీసీసి చేత్తో పట్టుకున్నాను. ఇవి అమ్మీసి అటునుంచటే ఎల్లి ఆ కరెంటు పెట్టి కొనీసుకుంటాను. ఇంకొక్క మాటు సెప్పు. బాగుందా, నేదా? నువ్వు బాగుందంటే ఇచ్చీసినట్టే!"

ఆ మాట వెనకే బొటనవేళ్ల బొమ్మలు వచ్చిపడ్డాయి. 'కొను అప్పా, సూపరు' అని నూడిల్సు బండివాడు. 'మాది వెలుగుతూనే ఉంది' అని చాట్ బండివాడు. పైడిరాజు గురువుగారి మొహంలోకి చూశాడు. ఆ కమ్మలు ఎర్రయ్యమ్మకు వాళ్లమ్మ పెట్టినవని వీధిలో తెలియనివాడు లేడు.

"నిజం చెబితే రేపట్నుంచి నన్ను ఎవడైనా లెక్కచేస్తాడాండీ?"

"నన్నడక్కు. ఆవిడ ఇంకా కొట్లోనే ఉందేమో చూడు."

పైడిరాజు పళ్లు బిగించాడు. తన ఫొటో తీసి ఆ గుండ్రంలో కూర్చోబెట్టాడు. కిరీటం ఒక పక్కకు ఒరిగింది, సర్దలేదు. కింద 'బోల్తా రత్న, కరెంటు పెట్టె పైడిరాజు' అని రాసి పంపేశాడు. ఆ వెంటనే గొంతు విప్పాడు. "అప్పా, కమ్మలు ఇవ్వకు! నాది మొదటి రోజే చచ్చింది. నా లైట్లు జిరాక్సు కొట్టువి. నవ్వేవాళ్లు నవ్వండి!"

బొటనవేళ్ల వాన ఆగిపోయింది.

మొట్టమొదట నవ్వింది పునుగుల పోలయ్య. పడీ పడీ నవ్వే బొమ్మలు వరసగా పెట్టాడు. 'రా రత్నంగారూ, ఇన్నాళ్లూ ఒక్కణ్నే కూర్చున్నాను' అన్నాడు. ఆ తర్వాత నూడిల్సు బండివాడి గొంతు వచ్చింది, గొణుగుతున్నట్టు. "నా మొహం కూడా పక్కన ఎక్కించరా. నాది మందుల షాపు తీగ." చాట్ బండి అన్నదమ్ములు కుట్టుమిషను కొట్టు పేరు చెప్పారు. మొక్కజొన్నల గౌరీశు తన ఫొటో తనే పంపాడు. ఇక ఆగలేదు. 'నాదీ', 'మాదీ' అంటూ మొహాల మీద మొహాలు వచ్చి పడుతుంటే పైడిరాజు వేళ్లకు ఊపిరి సలపలేదు. వీధి పొడవునా వెలిగినవన్నీ దొంగ తీగలే! ప్రతివాడూ పక్కవాడి వెలుగు చూసి, తన పెట్టె ఒక్కటే చెడిందనుకుని నోరు కుట్టుకున్నాడు!

అరగంట తిరక్కుండా మాస్టారి వరండా ముందు తిరనాళ్లయింది. వాడిన దండలతోనే పెట్టెలు మోసుకొచ్చి తోపుడు బండి మీద పేర్చారు. పెట్టెలు అమ్మిన కొట్టువాడి దగ్గరికి ఒక్కొక్కడూ కాదు, అందరూ కలిసే వెళ్లాలన్నారు. గేటు ముందు కూర్చున్న రోజులు గుర్తొచ్చాయేమో, మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. ఆయన కళ్లల్లో కుర్రతనం కనబడింది.

ఎర్రయ్యమ్మ రొప్పుకుంటూ వచ్చింది. కమ్మలు చెవులకే ఉన్నాయి. పైడిరాజు నెత్తిన ఒక్కటి మొట్టింది.

"నా కమ్మలు పోయుంటే నీ సెవులు కోసి ఎట్టుకుందును, ఎదవా!" అంది. అని వాడి చెయ్యి మాత్రం వదల్లేదు.

బండి కదిలింది. పైడిరాజు గురువుగారి పక్కనే నడుస్తూ ఫోను ఆయనకు చూపించాడు. బొమ్మ నిండా మొహాలే. కిరీటం ఎవరిదో తెలియడం లేదు. ఎర్ర శాలువా చాలక సగంమంది భుజాలు బయటే ఉన్నాయి.

"ఈ బిరుదు ఇవాళ్టితో ఎత్తేస్తానండీ గురువుగారూ. దీనికి భయపడే కదండీ అందరం నోళ్లు మూసుకున్నాం."

మాస్టారు ఫోను దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఎత్తెయ్యకురా" అన్నారు. "శాలువా ఇంకొంచెం పెద్దది చెయ్యి."