ఆకులు ఎవరివి?

రౌద్రి నామ సంవత్సరం, ఎండాకాలం. కాలువ తూమును తన పొలం వైపు జరపాలని పెత్తందారు జగ్గప్ప ఊరిని పిలిచాడు. జరిగితే దిగువ మడులు ఎండిపోతాయి. బుట్టలల్లే నూకాలు మడి కూడా దిగువనే ఉంది.

మా ఊళ్లో సరే అంటే తెల్లరాయి వేస్తారు, వద్దంటే నల్లరాయి. ఎటూ తేల్చుకోలేనివాళ్లు ఆకు వేసి, ఎందుకో చెప్పాలి. ఆ రోజు తెల్లరాళ్ల కంటే నల్లరాళ్లు ఎక్కువ పడ్డాయి. అయినా చాలామంది జగ్గప్పకు భయపడి ఆకే వేశారు. "దిగువకు నీళ్లెలా వస్తాయో చెప్పలేదు కదయ్యా" అన్నారు.

"వద్దనలేదుగా! ఆకులన్నీ నావే" అన్నాడు జగ్గప్ప.

నూకాలు లేచింది. "అయితే నాదీ ఒకటి అడుగుతా దొరా. మీ మామిడితోటను ఊరి గొడ్లకు వదిలేద్దాం. వేయండర్రా!"

నూకాలు తెల్లరాయి వేసింది. జగ్గప్ప చుట్టాలు నల్లరాళ్లు వేశారు. మిగతా ఊరంతా ఆకులే. "గొడ్లకు మామిడాకు పడుతుందో లేదో!" అన్నాడొక ముసలాయన.

"మీ లెక్కన ఈ ఆకులన్నీ నావే కదా దొరా, గొడ్లను తోలమంటారా?" అంది నూకాలు.

"ఆకులు ఎవరివీ కావు!" అని అరిచాడు జగ్గప్ప.

"అయితే ఇందాకటి రాళ్లు లెక్కపెట్టండి. ఆకు వేసినవాళ్లకు జవాబు చెప్పాకే మళ్లీ అడగండి."

తూము కదల్లేదు. ఆ తర్వాత జగ్గప్ప తన వెదురుపొదల్లో నూకాలును అడుగు పెట్టనివ్వలేదు. బతికినన్నాళ్లూ ఆమె పొరుగూరి నుంచి వెదురు మోసుకొచ్చుకుంది.