ముత్యాల రేవు చలి

సముద్రపు హోరు కోటగోడల దాకా వినిపించే ఒకానొక రాజ్యాన్ని వీరభానుడనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే. కాని తనకు తెలియనిది ఈ లోకంలో లేదని ఆయన నమ్మకం.

ఆ తీరాన ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్లుండేవారు. వణుకుతూ పైకి వచ్చే వాళ్లకు కోట నుంచి కట్టెలు, కంబళ్లు ఇవ్వడం ఆనవాయితీ. ఒక వేసవి మధ్యాహ్నం రాజు పడవ షికారుకు వెళ్లి నీళ్లలో వేళ్లు ముంచాడు. గోరువెచ్చగా తగిలాయి. పైన ఇంత వెచ్చగా ఉంటే అడుగున చలి ఎక్కడిది, వీళ్లు కట్టెల కోసం అబద్ధమాడుతున్నారని ఆయనకు తోచింది. చలి అన్నవాడికి ఇకమీదట కట్టెపుల్ల గాని, కంబళి గాని ఇవ్వరాదని ఆ సాయంత్రమే చాటింపు వేయించాడు.

వారం తిరక్కుండానే ఓబులేసు అనే మునిగేవాడు జ్వరాన పడ్డాడు. అతని భార్య నూకాలు ఆస్థాన విదూషకుడు మాచిరాజు ఇంటికి వచ్చి గొల్లుమంది. మాచిరాజుకు ముద్ద దిగలేదు. అయితే రాజుతో వాదిస్తే ఆయన పట్టుదల పెరుగుతుందే తప్ప తగ్గదని అతనికి తెలుసు.

మర్నాడు పొద్దున్నే స్నానశాలవాళ్లను మంచి చేసుకుని, రాజుగారి లోతైన జలకాల తొట్టిని చల్లటి బావినీళ్లతో నింపించాడు. ఆపైన అరిటాకు మీదుగా, నీళ్లు కదలకుండా, జానెడు మందాన వేడినీళ్లు పోయించాడు.

రాజు చెయ్యి పెట్టి చూసి, బాగుందని తలూపి దిగాడు. మరుక్షణం పళ్లు టకటకలాడుతుండగా బయటికి ఎగబాకి, చలి చంపేస్తోంది, కంబళి తెమ్మని కేకపెట్టాడు.

మాచిరాజు కంబళి చంకన పెట్టుకుని అక్కడే ఉన్నాడు. అందివ్వలేదు.

"క్షమించాలి ప్రభూ. చలి అన్నవారికి కంబళి ఇవ్వరాదని తమరి ఆజ్ఞ. తమరి చెయ్యేమో వెచ్చగా ఉందంది. మరి అబద్ధమాడేది తమరి పాదాలా?"

రాజు ముఖం జేవురించింది. రాజు తొట్టి వంక చూశాడు, మాచిరాజు వంక చూశాడు, చివరికి పకపకా నవ్వేశాడు.

కంబళి కప్పుకున్నాక, మునగకుండా అడుగు సంగతి తెలుసుకునే దారే లేదా అని అడిగాడు.

"ఉంది ప్రభూ. ముందు మునిగి వచ్చినవాళ్ల మాట నమ్మాలి. పైన ఎలా ఉన్ననాడు అడుగున ఎలా ఉందో వాళ్లను అడుగుతూ పోతే, కొన్నాళ్లకు పైన చూసి లోపలిది చెప్పొచ్చు."

"సరే. ఈ ఆగడానికి నీ తల తీయిస్తానని భయపడలేదా?"

"తమరి కోపంలో ఇన్నేళ్లుగా మునిగి లేస్తున్నాను ప్రభూ. పైన సలసలా కాగుతుంది. అడుగున మాత్రం చల్లన."

రాజు మళ్లీ నవ్వి, తన చేతి కంకణం తీసి మాచిరాజుకు తొడిగాడు. పొద్దెక్కేసరికి ముత్యాల రేవుకు కట్టెల బళ్లు కదిలాయి. మొదటి బండి ఓబులేసు గుమ్మం ముందు ఆగింది.