లేత రంగు వేస్తే పెరిగిన గది

ముమ్మిడిపాలెంలో పేరయ్యగారి ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళే. ఈ మాట ఊరివాళ్ళు అన్నది కాదు, పేరయ్యగారే అనేవాడు. "దేవుడు తెలివి పంచడానికి బండి మీద వస్తూ వస్తూ, సరిగ్గా మా గుమ్మం ముందు బోల్తా పడ్డాడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. భార్య మంగతాయారు తలూపేది. తమ్ముడు జోగినాథం, "బండి చక్రం గుర్తు ఇంకా ఉంది, చూపించనా?" అనేవాడు.

వాళ్ళమ్మాయి ఇందుమతికి ఏడో నెల వచ్చింది. తొలిచూలు పురుడు పుట్టింట్లోనే పొయ్యాలి కదా. పిల్లని పంపేముందు గది చూసుకోవడానికి వియ్యంకుడు శేషగిరిగారు వచ్చాడు. నడిమింటి గది చూసి మీసం దువ్వుకున్నాడు. పది అడుగుల గది. అందులో బియ్యం బస్తాలు, ట్రంకు పెట్టెలు, పాడైన కుట్టుమిషను, పదకొండు ఊరగాయ జాడీలు.

"బావగారూ, ఇందులో మంచం వేస్తే మనిషికి చోటుండదు. మనిషి నిలబడితే మంచానికి చోటుండదు. నెల తిరిగేలోగా గది సంగతి చూడండి. లేదంటే పురుడు మా ఇంట్లోనే పోస్తాం" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మంగతాయారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "తొలిచూలు పిల్లని తెచ్చుకోలేకపోయామని నలుగురూ అనుకోరూ?" అంది.

సరే, ముందు గోడలు శుభ్రం చేద్దామని రంగులేసే మస్తాన్‌ని పిలిచారు. అతను రెండు అట్టముక్కలు చూపించాడు. ఒకటి ముదురు నీలం, ఒకటి లేత మీగడ రంగు.

"ముదురు రంగైతే పిల్లాడు చేతులు పులిమినా మరకలు తెలియవు" అంది మంగతాయారు.

"తెలియవమ్మగారూ. కానీ ముదురు రంగేస్తే గది చిన్నగా కనపడుద్ది. లేతదేస్తే పెద్దగా కనపడుద్ది" అన్నాడు మస్తాన్.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. అతను చెప్పింది కంటికి ఎలా ఉంటుందో. లేత గోడ మీద వెలుతురు పరుచుకుంటుంది కాబట్టి గది విశాలంగా అనిపిస్తుంది, అంతే. కానీ పేరయ్యగారు అంతటితో ఆగే మనిషా?

"పెద్దగా కనపడుతుందంటే పెద్దగా ఉన్నట్టే. లేనిది ఎలా కనపడుతుందోయ్?" అన్నాడు.

ఇంకేముంది! గది పెరగబోతోంది. జోగినాథానికి వెంటనే ఒక బెంగ పట్టుకుంది. "అన్నయ్యా, తూర్పు గోడ పెరిగితే భ్రమరాంబగారి పెరట్లోకి వెళ్ళిపోదూ? అక్కడ గేదె ఉందిగా!"

అన్నదమ్ములిద్దరూ చొక్కాలు తొడుక్కుని పక్కింటికి వెళ్ళారు. భ్రమరాంబగారు సంగతంతా విని, నవ్వు చెంగు చాటున దాచుకుంది.

"ఎంత మేర వస్తుందేం అన్నయ్యగారూ, మీ గోడ?"

"కోటింగుకి ఒక మూర. రెండు కోటింగులు."

"అయితే పాలు పితికే వేళకి మాత్రం పెంచకండి. గేదె బెదిరితే చేపదు."

"ఎంత మంచి మనిషో!" అనుకుంటూ అన్నదమ్ములు గేదెని తామే అవతల గుంజకి కట్టేసి వచ్చారు.

రంగు వెయ్యాలంటే గది ఖాళీ చెయ్యాలి. బస్తాలు, పెట్టెలు, మిషను, జాడీలు అన్నీ వసారాలోకి చేరాయి. మస్తాన్ లేత రంగు రెండు కోటింగులు వేసి, ఆరేదాకా లోపలికి వెళ్ళొద్దని చెప్పి వెళ్ళాడు. పెరిగే గోడకి అడ్డం పడకూడదని ముగ్గురూ వాకిట్లోనే కూర్చున్నారు.

మర్నాడు తలుపు తీశారు. ఆహా! ఎంత గది! ఈ చివర నుంచి ఆ చివరకి జోగినాథం పరుగెత్తాడు కూడా. అందులో ఒక్క సామానూ లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

"కానీ ఏవండీ, వసారా ఇంత ఇరుకైపోయిందేం?" అంది మంగతాయారు, జాడీల మధ్య నుంచి పక్కవాటుగా నడుస్తూ.

"పిచ్చిదానా, గది పెరిగితే వసారా తగ్గదూ?" అన్నాడు పేరయ్య.

అంతే, వడ్రంగి వీరాచారికి కబురు వెళ్ళింది. తల్లి, బిడ్డ, పక్కన అమ్మమ్మ పడుకునేంత మంచం కావాలి. "గది కొలుచుకుంటానండీ" అన్నాడు వీరాచారి.

"ఇప్పుడు కొలిచి ఏం లాభం? ఇంకా పెరుగుతూ ఉండుంటుంది" అన్నాడు జోగినాథం.

ఎనిమిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పుతో టేకు మంచం వచ్చింది. నలుగురు మోసుకొచ్చారు. గుమ్మంలో పట్టలేదు. నిలువుగా తిప్పారు, అడ్డంగా తిప్పారు, పట్టలేదు. మోసినవాళ్ళు దాన్ని వాకిట్లో దింపేసి వెళ్ళిపోయారు.

పేరయ్య నుదురు కొట్టుకున్నాడు. "గోడలకి వేశాం గానీ గుమ్మానికి రంగు వేశామా? పాపం, అది పాత కొలతలోనే ఉండిపోయింది!"

గుమ్మానికి లేత రంగు పూశారు. అయినా పట్టలేదు. అప్పుడు మంగతాయారుకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"గుమ్మం పెరగనంటే మంచాన్ని తగ్గిద్దాం. ముదురు రంగు వెయ్యండి!"

ముగ్గురూ కలిసి మంచానికి కాటుకలాంటి నల్లరంగు పులిమారు. "ఒక్క కోటింగే అన్నయ్యా! రెండు వేస్తే ఉయ్యాలైపోతుంది" అని జోగినాథం కాపలా కాశాడు. తడి ఆరకుండానే మంగతాయారు లోపలికి వెళ్ళి లాగింది, అన్నదమ్ములు బయట నుంచి తోశారు. మంచం సగం వెళ్ళి గుమ్మంలో బిగుసుకుపోయింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. మంగతాయారు లోపలే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో కారు ఆగింది. శేషగిరిగారు కోడల్ని వెంటబెట్టుకుని దిగాడు.

"గది ఏదండీ?"

మంచం వెనక నుంచి మంగతాయారు గొంతు వినిపించింది. "అమ్మా ఇందూ, వచ్చావా! లోపల బోలెడు చోటుందే!"

శేషగిరిగారి మొహం ఎర్రబడింది. లోపలికి తొంగిచూద్దామని మంచం మీదకి వంగాడు. తెల్లటి పంచె మీద నడుం దగ్గర నల్లరంగు అంటుకుంది.

"బావగారూ, నడుం కాస్త సన్నబడిందండోయ్!" అన్నాడు పేరయ్య సంతోషంగా.

"పదమ్మా, పోదాం" అన్నాడు శేషగిరిగారు. లోపల మంగతాయారు ఏడుపు మొదలెట్టింది. ఇందుమతి కదలకుండా నిలబడిపోయింది.

ఆ ఏడుపు విని దారిన పోతున్న వీరాచారి వచ్చాడు. చూశాడు. సుత్తి తీసి నాలుగు చీలలు ఊడగొట్టాడు. కోళ్ళు ఊడాయి, పట్టెలు ఊడాయి. అన్నీ లోపలికి అందించి మళ్ళీ బిగించాడు. పావుగంట పని.

శేషగిరిగారు లోపలికి వెళ్ళాడు. సామాను లేదు, గోడలు మెరుస్తున్నాయి, మంచం పడ్డాక మనిషి తిరగడానికి రెండు వైపులా చోటు మిగిలింది. ఆయనకి ఒప్పుకోక తప్పలేదు.

"నిజమే. ఇప్పుడు గది పెద్దదిగానే ఉంది."

"చూశారా!" అన్నారు ముగ్గురూ ఒక్కసారి.

అలా ఇందుమతి పుట్టింట్లోనే ఉండిపోయింది. పండంటి మగపిల్లాడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేస్తుంటే, భ్రమరాంబగారు దిష్టి తగలకుండా పిల్లాడి ఎడమ బుగ్గ మీద ఇంత నల్లచుక్క పెట్టింది.

పేరయ్య చుక్క తుడవబోయాడు. "ముదురు రంగు! బుగ్గ తగ్గిపోతుంది!"

"తుడవకు అన్నయ్యా! తుడిస్తే మొహమంతా పాకి, మొహమే తగ్గిపోతుంది!" అని జోగినాథం చెయ్యి పట్టుకున్నాడు.

మంగతాయారు కాటుకబరిణె లాక్కుని కుడి బుగ్గ మీదా అంతే చుక్క పెట్టింది. "ఇక తగ్గినా రెండూ సమానంగా తగ్గుతాయి" అంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మంచం మీద కూర్చున్న ఇందుమతి పిల్లాణ్ణి తేరిపార చూసింది. పుట్టింటి పేరు నిలబెట్టే పిల్ల కదా.

"అదేంటి నాన్నా, మరి మధ్యలో ముక్కు ఒక్కటే పెద్దదిగా మిగిలిపోదూ?"

అంతే. ముక్కు మీద మూడో చుక్క పడింది.