ఇల్లు పొరపాటు పడిన మనిషి

గార్లకుంట మఠంలో ఈరప్ప గురువును ప్రశ్న అడగడం తేలిక. జవాబు రాబట్టడమే కష్టం. ఎవరేమడిగినా ఆయన అవుననడు, కాదనడు. తనకు తెలిసిన ఎవరిదో ఒక సంగతి చెబుతాడు. చెప్పడం కాగానే మఠం వెనక బీరపాదులకు నీళ్లు పోయడానికి లేస్తాడు. అడిగినవాడు తల గోక్కుంటూ అక్కడే మిగిలిపోతాడు. మగ్గం నేసి బతికిన మనిషి, శాస్త్రాలు చదవలేదు, వచ్చినవాళ్లకు తత్వాలు పాడడం నేర్పుతాడు. జవాబు చెప్పడన్న కోపంతో ఆయన దగ్గరికి పోవడం మానేసి, తిరిగి తమంతట తామే వచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ అమావాస్య నాడు అడిగినవాడు రుద్రముని. హైవే మీద క్రాసు దగ్గర టీ హోటలు నడుపుతాడు. మంచివాడు, ఎవరికి కష్టమొచ్చినా ముందుగా పరుగెత్తేవాడు. ఊళ్లో సగం తంటాలు ఇలాంటి మంచివాళ్ల వల్లే వస్తాయని నా అభిప్రాయం. భజన అయ్యాక వచ్చి గురువు ఎదుట కూర్చున్నాడు.

"సామీ, ఒక అబద్ధంతో ఎవరికీ నష్టం లేదు, పైగా ఒక ఇల్లు నిలబడతాది. అది తప్పెట్లయితాది?"

అతని సంగతి ఇది. హోటలుకు కొంచెం దూరంలో ఏదో కారు ఒక కూలిమనిషిని గుద్ది, ఆగకుండా పోయింది. నంబరు ఎవరూ చూడలేదు. పోలీసులు 'గుర్తు తెలియని వాహనం' అని రాసుకున్నారు. అలాంటి చావుకు ప్రభుత్వం ఇచ్చేది కర్మకాండకూ అప్పులకూ చాలితే గొప్ప. అదే గుద్దిన బండి ఫలానాదని తేలి, దానికి ఇన్సూరెన్సు ఉంటే, కంపెనీ ఇచ్చేదానితో పిల్లలు చదువుకుంటారు. అందుకని చనిపోయినవాడి బంధువులు ఒక బండిని చూసుకున్నారు. బండివాడు ఒప్పుకున్నాడు. ఇక కళ్లారా చూసిన సాక్షి ఒక్కడే తక్కువ. మరునాడు రుద్రముని స్టేషన్‌కు వెళ్లి, టీ పోస్తూ చూశానని చెప్పాలి. "నష్టపోయేది కంపెనీ ఒకటే సామీ. దానికి ఆకలా, దప్పికా?" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకు ఆ మాట సబబుగానే తోచింది. మన చట్టానికి చావు ఒక్కటే చాలదు, బండి నంబరు కూడా కావాలి. నంబరు లేని చావు చచ్చినవాడి పెళ్లాంబిడ్డలు ఏం గాలి పీల్చి బతకాలి? గురువు ఏమంటాడోనని చూశాను.

"సుంకమ్మ సంగతి చెప్తా, ఇను," అన్నాడాయన.

సుంకమ్మ మొగుడు మద్దిలేటి పక్క ఊరివాడు. మోపెడ్ మీద టమోటాలు వేసుకొని తెల్లవారక ముందే మార్కెట్టుకు పోయేవాడు. ఒక చలికాలపు పొద్దున వెనకనుంచి ఏదో కారు గుద్దింది. జనం చేరేసరికి రోడ్డంతా టమోటాలు, పక్కన మనిషి. ప్రాణం లేదు. ఇంట్లో సుంకమ్మ, చదువుకునే కూతురు, సరిగా చెవులు వినపడని అత్త. మద్దిలేటి ఆమెకు ఒక్కడే కొడుకు. కొడుకును మట్టి చేసిన నాటినుంచి ఆ ముసలామె ఒకే మాట అడుగుతుండేది: "నా కొడుకు నీళ్లడిగినాడేమో. ఎవరన్నా పోసినారా?" ఇంటికి వచ్చిన ప్రతివాణ్ణీ అడిగేది. పోలీసులను అడిగింది, ఆసుపత్రిలో శవాన్ని కోసినవాళ్లను అడిగింది. ఎవరు చెప్పగలరు? సుంకమ్మ కూడా ఆ గుద్దినవాడు దొరికితే బాగుండునని కోరుకునేది. వాణ్ణి కొట్టడానికి కాదు, తిట్టడానికీ కాదు. చివరికి తన మొగుడికి స్పృహ ఉండెనా, ఏమన్నా అన్నాడా అని అడగడానికి. స్టేషన్ చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. 'వెతుకుతున్నాం' అనే మాట తప్ప అక్కడ ఏమీ దొరకలేదు.

మద్దిలేటికి దస్తగిరి అని ఒక స్నేహితుడు. ట్రాలీ ఆటో నడుపుతాడు. ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఒక వకీలు దగ్గర తిరిగే బ్రోకరు వచ్చి ఉపాయం చెప్పినప్పుడు, ఎవరూ అడక్కముందే దస్తగిరి తన ఆటో చూపించాడు. "నా బండికి ఇన్సూరెన్సు ఉండాది, నాకు లైసెన్సు ఉండాది. ఒప్పుకుంటే ఫైను ఏస్తారు, అంతే కదా వదినా. వానికోసం ఆ మాత్రం చెయ్యలేనా?" అన్నాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండిని పరీక్షించడానికి వచ్చే ముందు, గుద్దిన గుర్తు ఉండాలని ఆటో ముందు దీపాన్ని తనే రాయితో పగలగొట్టుకున్నాడు. కొత్తగా వేయించుకున్న దీపం అది. సుంకమ్మ పక్కనే నిలబడి చూసింది.

తర్వాత అబద్ధం దాని పని అది చేసుకుపోయింది. కంపెనీవాళ్లు ఒక మనిషిని విచారణకు పంపారు. అతడు గట్టివాడు, గుచ్చి గుచ్చి అడిగాడు. దస్తగిరే గుద్దినట్టు నీకెట్లా తెలుసమ్మా అంటే, "ఇంటికొచ్చి నా కాళ్ల మీద పడి ఏడ్చినాడు సార్," అంది సుంకమ్మ. అది నిజమే. మద్దిలేటి శవం ఇంటికి వచ్చిన రోజు దస్తగిరి అలాగే ఏడ్చాడు. ఆ ఏడుపునే తీసి సాక్ష్యానికి పెట్టింది. కోర్టులోనూ అదే చెప్పింది. దస్తగిరి బోనులో నిలబడి తలవంచి, నేనే అన్నాడు. ఫైను కట్టాడు. కంపెనీ డబ్బిచ్చింది. కూతురి చదువు నిలబడింది. అనుకున్నది అనుకున్నట్టే జరిగింది.

ముసలామెకు మాత్రం ఎవరూ అసలు సంగతి చెప్పలేదు. ఎక్కడ నోరు జారుతుందోనని భయం. ఆమె దస్తగిరే గుద్దాడని నమ్మింది. ఒకరోజు అతడు ఎప్పటిలాగే వచ్చి అరుగు మీద కూర్చోబోతే, "నీళ్లయినా పోసినావారా వానికి?" అని అడిగింది. దస్తగిరి ఏం చెబుతాడు? పోశానంటే ఒక అబద్ధం, పోయలేదంటే ఇంకొకటి. లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఊళ్లో కూడా మనిషిని చంపిన బండి అని కొందరు అతని ఆటోకు సరుకెత్తడం మానుకున్నారు. అతడు నోరు విప్పి ఎవరితోనూ ఏమీ అనలేదు.

గురువు ఇక్కడ ఆగి మంచినీళ్లు తాగాడు.

రెండేళ్లు తిరిగి మళ్లీ చలికాలం వచ్చింది. ఒకరోజు కళ్లద్దాలు పెట్టుకున్న ఒక పెద్దమనిషి మఠానికి వచ్చి, జనమంతా వెళ్లేదాకా మూల కూర్చున్నాడు. రెండేళ్ల కిందటి చలికాలం తన కారు ఒక టమోటాల మనిషిని గుద్దిందని చెప్పాడు. తను కారు ఆపాడు, దిగాడు, ఆ మనిషి తల ఒళ్లో పెట్టుకున్నాడు. అతనికి ప్రాణం ఉంది. ఒక మాట కూడా అన్నాడు. అంతలో దూరంగా లారీ వెలుగు కనబడింది. భయపడి, ఆ తలను కింద పెట్టి, కారెక్కి వెళ్లిపోయాడు. "అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు స్వామీ. నన్ను ఏం చేయమంటారు?" అన్నాడు. "చేసేదేముండాది నాయనా, స్టేషన్‌కు పోయి చెప్పు," అన్నాడు గురువు. ఒంటరిగా పోవడానికి ఆ మనిషికి కాళ్లు రాలేదు. గురువు తోడు వెళ్లాడు.

స్టేషన్‌లో పాత ఎస్సై బదిలీ అయిపోయాడు. కొత్తాయన అంతా విని, కాగితాలు తెప్పించి చూశాడు. చూసినకొద్దీ ముఖం మాడ్చుకున్నాడు.

"ఈ కేసులో ముద్దాయి ఒప్పుకున్నాడు. కోర్టు శిక్ష వేసింది. కంపెనీ డబ్బిచ్చింది. ఇప్పుడు నువ్వెవరయ్యా?"

"గుద్దింది నేనే సార్."

"చచ్చింది ఒక్క మనిషి. ఎంతమంది చంపుతారు?"

ఆ మనిషి తన పేరూ ఊరూ చెప్పాడు. ఎవరూ రాసుకోలేదు. అయినా ఎస్సై మరీ చెడ్డవాడేం కాదు. చివరికి గురువు ముఖం చూసి, ఇద్దరికీ ఒక కానిస్టేబుల్‌ను తోడిచ్చి పంపాడు. "ఆ చనిపోయినాయన భార్య ఆటో కాదు, ఇతనే అని ఒప్పుకుంటే తీసుకురా, మళ్లీ రాస్తాను. కానీ ఆమెకు ముందే చెప్పు. రాయడం మొదలుపెడితే ఆ ఆటో అతన్నీ, ఆమెనూ లోపల వేయాల్సి వస్తుంది," అన్నాడు.

సుంకమ్మ ఇంటి అరుగు మీద అత్త మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంది. కానిస్టేబుల్ సుంకమ్మను ఇవతలికి పిలిచి ఎస్సై చెప్పమన్నది చెప్పాడు. ఆ కళ్లద్దాల మనిషి చేతులు జోడించి నిలబడ్డాడు. ఎవరో ఏమిటో ఆమెకు వేరే చెప్పనక్కర్లేకపోయింది. ఏ మనిషి కోసం స్టేషన్ చుట్టూ తిరిగిందో ఆ మనిషి తన వాకిట్లో ఉన్నాడు. నోరు తెరిచి అడగడమే ఆలస్యం. ఆమె అరుగు వైపు చూసింది, కానిస్టేబుల్ వైపు చూసింది.

"మా ఆయన్ను గుద్దింది దస్తగిరి ఆటో. కోర్టులో తేలిపోయిండాది," అంది.

"అమ్మా, ఆయన తల నా ఒళ్లోనే పెట్టుకున్నానమ్మా. ఒక మాటన్నాడు. అదైనా వినండి. వింటే నేను పోతాను."

సుంకమ్మ చెవులు మూసుకోలేదు. కానీ తల అడ్డంగా ఊపుతూనే ఉంది, అతడు మాట మొదలుపెట్టే వీలు లేకుండా. అరుగు మీది ముసలామె చేతులు ఆగాయి. "ఎవరే ఆయప్ప? ఏమంటాండాడు?" అని అడిగింది.

సుంకమ్మ ఆమె చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. "ఇల్లు పొరపాటు పడినాడత్తా. ఇంకెవరింటికో పోవల్సినోడు."

"ఎవరి బిడ్డో పాపం, మొగమంతా పీక్కపోయింది. నీళ్లన్నా ఇచ్చి పంపీ," అంది ముసలామె.

సుంకమ్మ లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆ మనిషి దోసిలి పట్టాడు. ఆమె పోసింది, అతడు తాగాడు. ముసలామె ఆ తాగడాన్ని తృప్తిగా చూసి, మళ్లీ మిరపకాయలు అందుకుంది. జైలుకు పోదామని వచ్చిన మనిషి ఇంటికి పోయాడు.

గురువు చెప్పడం అక్కడితో ఆపాడు. రుద్రముని కళ్లు తుడుచుకున్నాడు, కానీ అతనికి ఆరాటం పోలేదు.

"తర్వాతన్నా ఆమె మీ తావుకు రాలేదా సామీ?"

"వస్తాంటాది. అమావాస్య అమావాస్యకూ వస్తాది. అదో, ఆ గోడకానుకొని కూర్చుంటాది. ఒకసారి నేనే కదిలించినా, చెప్పేదా అమ్మా అని. వద్దు సామీ అనింది. ఆ మాట ఇంటే అత్తకు చెప్పకుండా ఉండలేనంటాది. అత్తకు చెప్తే ఊరంతా ఇంటాది, దస్తగిరి జైలుకు పోతాడు. తనకోసం దీపం పగలగొట్టుకున్న మనిషి కదా."

"అయితే ఆ కళ్లద్దాలాయప్ప ఆ మాట మీకు చెప్పినాడా?"

"తిరిగొచ్చేటప్పుడు దావలో చెప్పినాడు."

"ఏమనినాడు సామీ మద్దిలేటి?"

గురువు చెంబు అందుకొని లేచాడు. బీరపాదులకు ఆనాటి నీళ్లు ఇంకా పోయలేదు. "అది సుంకమ్మదప్పా. నీకెట్లిస్తా," అన్నాడు. రెండడుగులు వేసి ఆగి, రుద్రముని వైపు తిరిగాడు.

"రేపు స్టేషన్‌కు పోతానంటివే. పొయ్యేముందు ఒకటి కనుక్కో. ఆ చచ్చిపోయినాయప్పకు తల్లి ఉండాదేమో."