ముప్ఫై మీటర్ల లోపల

మస్తాన్రావు రెండు నెలలుగా రోజూ పక్షుల్ని లెక్కపెడుతూనే ఉన్నాడు గానీ, ఒక్క పక్షినీ సరిగ్గా చూసిన పాపాన పోలేదు.

పీహెచ్‌డీలో చేరి ఇంకా ఏడాది నిండలేదు. నల్లమల అంచున ఒక చిన్న క్యాంపులో ఉంటూ, అడవిలో గుర్తుపెట్టిన ఇరవై చోట్ల, అంటే పాయింట్ల దగ్గర, ఏ పక్షులు ఎన్ని ఉన్నాయో రాయడం అతని పని. వినడానికి హాయిగానే ఉంటుంది. ఒక్కో చోట చుట్టూ ముప్ఫై మీటర్ల దూరాన పొదలకి ఎర్ర రిబ్బన్లు కట్టి ఉంటాయి. అది వలయం. దాని నడిమధ్యకి చేరి, ముందు అయిదు నిమిషాలు ఏమీ రాయకుండా ఊరికే కూర్చోవాలి. మనిషి అలికిడికి నోరు మూసుకున్న పిట్టలు మళ్ళీ తమ పనిలో తాము పడడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఆ తర్వాత పది నిమిషాలు లెక్క. వలయంలో ఉన్నవి లోపలి గడిలో రాయాలి, బయటెక్కడో అరిచినవి బయటి గడిలో రాయాలి.

జనవరి మొదట్లో వేటపాలెంలో అతని నాన్నకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. నలభై ఏళ్ళు మగ్గం నేసిన చెయ్యి అది. ఆస్పత్రిలో ఉన్న పది రోజులూ మస్తాన్రావు పక్కనే ఉన్నాడు. ప్రాణానికి భయం లేదు, రోజూ వ్యాయామం చేయిస్తే చెయ్యి మెల్లగా స్వాధీనంలోకి వస్తుంది అని డాక్టరు చెప్పాక, అమ్మే అతన్ని బలవంతంగా బస్సెక్కించింది. మనిషి అడవికి వచ్చాడు, మనసు వేటపాలెంలో దిగిపోయింది.

క్యాంపులో ఫోన్ పలకదు. పక్కనున్న గుట్ట మీద ఒక బండ ఉంది, దానిమీద నిలబడితే సిగ్నల్ అందుతుంది. పొద్దున లేస్తూనే ఒకసారి, లెక్కల మధ్యలో రెండుసార్లు, అన్నానికి ముందు, అన్నం తిన్నాక, ఇలా రోజుకి ఏడెనిమిది సార్లు మస్తాన్రావు ఆ గుట్ట ఎక్కేవాడు. ఎక్కడానికి పది నిమిషాలు, దిగడానికి పది నిమిషాలు. పైకి చేరి రొప్పుతూ అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. నాన్న ఎట్టా ఉన్నాడు, బీపీ చూశావా, మాత్ర వేశావా. అమ్మ బాగానే ఉన్నాడంటే, నేను బాధపడతానని దాస్తోందేమో అని ఇంకో అనుమానం. దిగివచ్చి పుస్తకం తెరిస్తే పేజీ తిరిగేది కాదు. ఒకే పేరా నాలుగుసార్లు చదివి, అందులో ఏముందో చెప్పమంటే తెల్లమొహం వేసేవాడు.

ఏప్రిల్ మొదటి వారంలో డాక్టరల్ కమిటీ కూర్చుంటుంది. తొలి ఏడాది పని చూసి, ఇతన్ని కొనసాగనివ్వాలా వద్దా అని తేలుస్తుంది. తన షీట్లు ఎలా ఉన్నాయో మస్తాన్రావుకి తెలుసు. చివరికి వాళ్ళు పొమ్మనకముందే తనే పోతే మర్యాదగా ఉంటుందని, ఒక తెల్లకాగితం మీద ఉత్తరం రాశాడు. కుటుంబ పరిస్థితుల వల్ల పరిశోధన మానుకుంటున్నాను, దయచేసి అనుమతించగలరు. ఎంతో ఇష్టపడి, రెండుసార్లు ప్రవేశ పరీక్ష రాసి తెచ్చుకున్న సీటు అది. ఉత్తరం మడిచేటప్పుడు ఏడుపు వచ్చింది.

మార్చి మూడో వారంలో అతని గైడు త్రిపురాంబ గారు క్యాంపుకి వచ్చారు. రిటైర్మెంటుకి రెండేళ్ళే ఉన్నా, విద్యార్థుల కంటే ముందు గుట్ట ఎక్కే మనిషి. మాట మాత్రం బహు పొదుపు. మేడమ్ నోరు విప్పాలంటే అరుదైన పిట్ట ఏదో కనపడాలని విద్యార్థులు చాటున నవ్వుకునేవాళ్ళు.

సాయంత్రం వరండాలో కూర్చుని ఆవిడ రెండు నెలల షీట్లూ ఒక్కొక్కటిగా తిరగేశారు. మస్తాన్రావు ఎదురుగా నిలబడ్డాడు. చివరి షీటు అయ్యాక కళ్ళజోడు తీశారు.

"పాయింటుకి చేరిన టైము ఆరూ నలభై. లెక్క మొదలుపెట్టిన టైము కూడా ఆరూ నలభై. అన్ని షీట్లలో ఇట్టాగే ఉంది."

మస్తాన్రావు తలదించుకున్నాడు. ఊరికే కూర్చోవలసిన అయిదు నిమిషాలూ ఎగ్గొట్టి, ఆ మిగిలిన సమయంతో గుట్ట ఎక్కేవాడు.

"బయటి గడి నిండా ఉంది. లోపలి గడిలో ఒకటి, సున్నా, రెండు, సున్నా" అన్నారావిడ. గొంతులో కోపం లేదు. దానికి అతను మరింత ముడుచుకుపోయాడు.

"మేడమ్, నావల్ల కావడం లేదు" అని జేబులోంచి ఉత్తరం తీసి ఇచ్చాడు.

ఆవిడ చదివారు. మళ్ళీ మడతపెట్టి భుజాన ఉన్న సంచిలో వేసుకున్నారు. "పొద్దున అయిదున్నరకి బయల్దేరదాం. పన్నెండో పాయింటుకి" అన్నారు.

అంతే. అవునా కాదా తేల్చకుండా ఇలా పొద్దున్నకి వాయిదా వెయ్యడమేమిటని మస్తాన్రావుకి లోపల ఉక్రోషం వచ్చింది.

తెల్లవారి పన్నెండో పాయింటుకి చేరేసరికి అప్పుడే వెలుగు పడుతోంది. ఆకు రాలే కాలం, నేలంతా ఎండుటాకులు. ఇద్దరూ చెరో రాయి మీద కూర్చున్నారు. త్రిపురాంబ గారు సంచి తడుముకుని, "షీట్లు తేవడం మర్చిపోయాను" అన్నారు.

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆవిడ షీట్లు మర్చిపోయిన దాఖలా లేదు. మస్తాన్రావు వింతగా చూశాడు. ఆవిడ సంచిలోంచి నిన్నటి ఉత్తరం తీశారు. దాన్ని బోర్లా తిప్పి, అట్టమీద పెట్టి, నడుమ నిలువుగా ఒక గీత గీశారు. ఒకవైపు లోపల అని, ఇంకోవైపు బయట అని రాసి అతని చేతికిచ్చారు.

"మేడమ్, ఇది నా..."

"వెనక ఖాళీగానే ఉందిగా. కానీయ్."

అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నారు. మేడమ్ కూర్చున్నారు గనక అతనూ కూర్చున్నాడు. చూపు మాత్రం చెట్ల సందులోంచి గుట్ట మీది బండ వైపే ఉంది. ఈపాటికి అమ్మ లేచి ఉంటుంది, రాత్రి నాన్న నిద్రపోయాడో లేదో.

లెక్క మొదలైంది. లోయకి అవతల నెమలి అరిచింది. రాశాడు. ఇంకెక్కడో జెముడుకాకి మూలిగింది. రాశాడు. వడ్రంగి పిట్ట దూరాన మాను పొడుస్తోంది. కౌజులు, గువ్వలు, మళ్ళీ ఇంకో నెమలి. పది నిమిషాలు అయ్యేసరికి బయటి గడిలో పదకొండు ఉన్నాయి.

"లోపల?" అన్నారు త్రిపురాంబ గారు.

"ఏమీ లేవు మేడమ్."

ఆవిడ లేవలేదు. చేతిలోని పెన్సిలుతో అతని కాళ్ళకి నాలుగడుగుల దూరాన నేలని చూపించారు. అతనికి ఆకులే కనిపించాయి. పెన్సిలు కదలలేదు. అతను ఇంకా చూశాడు. ఒక ఆకు మీద సన్నటి గీతలా ఉన్నది కన్నని, సగం మూసిన కన్నని, ఉన్నట్టుండి తెలిసింది. ఆ కన్ను చుట్టూ తల, తల వెనక రెక్కలు తేలాయి. నైట్‌జార్. పగలంతా ఎండుటాకుల్లో ఆకులా ఒదిగిపోయి కూర్చునే పిట్ట. దాన్ని చూడాలని ఎమ్మెస్సీ రోజుల నుంచి అతనికి ఎంత ఆశో చెప్పలేం.

"ఇంతసేపూ ఇక్కడే ఉందా?" గొంతు తగ్గించి అడిగాడు.

"మనకంటే ముందు నుంచీ ఉంది."

మస్తాన్రావుకి సిగ్గు వేసింది. ఆ సిగ్గులోంచే, రెండు నెలలుగా బిగబట్టుకున్నదంతా బయటపడింది.

"అక్కడ మా నాన్న అన్నం కలుపుకోలేక అమ్మ చేత తినిపించుకుంటుంటే, నేనిక్కడ కూర్చుని పిట్టల్ని లెక్కపెట్టడం తప్పు చేస్తున్నట్టు ఉంటుంది మేడమ్. కాసేపు మర్చిపోయినా భయమేస్తుంది. నేను మర్చిపోయిన ఆ కాసేపట్లోనే ఏదన్నా అయితే ఎట్టా అని."

త్రిపురాంబ గారు అతని చేతిలోని కాగితాన్ని చూపించారు.

"ఆ నెమలిని కొట్టెయ్యమన్నానా?"

"లేదు మేడమ్."

"ఎక్కడ రాశావు?"

"బయటి గడిలో."

"లోపల రాస్తే?"

"లెక్క తప్పవుతుంది."

ఆవిడ నేల మీది పిట్ట వైపు ఒకసారి చూశారు.

నాన్న దిగులునీ కొట్టెయ్యక్కర్లేదు, దాని చోటు బయటి గడి అని మస్తాన్రావుకి తట్టింది. తర్వాత లోపలి గడిలో, నైట్‌జార్, ఒకటి, అని రాశాడు.

"తేదీ వెయ్యి. పాయింటు నంబరు వేసి సంతకం చెయ్యి" అన్నారావిడ. చేశాడు. ఆవిడ కాగితం తీసుకుని ఫైల్లో పెట్టారు. "ఇది డేటా షీటు. మన దగ్గర డేటా షీట్లని వెనక్కి ఇచ్చే పద్ధతి లేదు."

అతనికి నవ్వు రాబోయి ఆగింది. "మరి ఇంటి సంగతి మేడమ్?"

"మీ అమ్మగారికి ఏ టైములో తీరిక?"

మస్తాన్రావు ఇన్ని వందలసార్లు ఫోన్ చేశాడు గానీ, ఆ ఒక్క మాట ఏనాడూ అడగలేదు.

ఆవిడ ఫైల్లోనే బయటపడ్డ షీట్ల మీద ఆ పూటకి మిగిలిన పాయింట్లు పూర్తి చేసుకుని, పది గంటలకి ఇద్దరూ బండ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ కాస్త దూరంగా చెట్టు నీడన ఆగారు. అతను నంబరు నొక్కాడు.

"ఏందిరా, ఏమయింది?" అంది అమ్మ. గొంతు నిండా కంగారు.

"ఏం కాలేదమ్మా. నీకు తీరికగా ఉండే టైము ఏదో కనుక్కుందామని చేశా. ఇకనుంచి ఆ టైముకే చేస్తా."

అలా అన్నందుకు అమ్మ నొచ్చుకుంటుందేమోనని మస్తాన్రావు భయపడ్డాడు.

"హమ్మయ్య, బతికించావురా" అంది అమ్మ. "నీకు చెబితే ఏమనుకుంటావోనని చెప్పలా. ఎత్తకపోతే నువ్వు హడలిపోతావని పొయ్యి కాడా ఫోనే, దొడ్లోకెళ్ళినా ఫోనే. అది మోగితే నీకక్కడ ఏమయిందోనని నాకు దడ. మీ నాన్న చెయ్యి లేపడం మొదలుపెడతాడా, సరిగ్గా అప్పుడే నువ్వు చేస్తావు. నేను వదిలేసి పరిగెత్తుకొస్తా. ఆయన మళ్ళీ అలిగి పడుకుంటాడు."

మస్తాన్రావు బండ మీద చతికిలబడ్డాడు. "ఇన్నాళ్ళూ నేనేనా ఆపింది?"

"నువ్వేం చేస్తావులే నాయనా, ప్రేమ. అదిగో, మొన్న మంగళవారం టీ గ్లాసు ఆయనే పట్టుకున్నాడు. కుడి చేత్తోనే. కాస్త ఒలికిందిగానీ తాగాడు. నీకు చెబుదామంటే నువ్వు ఇననిస్తేనా? బీపీ ఎంత, మాత్ర వేశావా, పెట్టేస్తున్నా."

"మంగళవారమా?"

"అవున్రా. మంగళవారం."

మంగళవారం అతను ఎనిమిదిసార్లు ఫోన్ చేశాడు. ఎనిమిదిసార్లూ ఆ కబురు అమ్మ నోటి చివరనే ఉంది.

సాయంత్రం అయిదింటికి వ్యాయామం అయిపోతుందని, ఆ టైముకి అయితే నాన్న చేత కూడా నాలుగు మాటలు మాట్లాడిస్తానని అమ్మ చెప్పింది. ఈలోగా ఏదన్నా అయితే కింది ఊళ్ళో ఫారెస్టు ఆఫీసు లాండ్‌లైన్‌కి చెయ్యమని, వాళ్ళు మనిషిని పంపుతారని చెప్పి, నంబరిచ్చి అతను ఫోన్ పెట్టేశాడు. రెండు నెలల తర్వాత గుండెల నిండా గాలి పీల్చినట్టయింది. కళ్ళు తుడుచుకుని చెట్టు కిందికి వచ్చాడు.

"అయిదింటికట మేడమ్" అన్నాడు.

"మంచి టైమే" అన్నారావిడ. "ఆ వేళకి మన లెక్కలు కూడా ఉండవు."

మర్నాడు త్రిపురాంబ గారి తిరుగు ప్రయాణం. వెళ్ళేముందు ఒక పాయింటు చూసి వెళతానని, ఏడో పాయింటుకి అతనితో వచ్చారు. ఇద్దరూ రిబ్బన్ల మధ్య కూర్చున్నారు. మస్తాన్రావు వాచీ చూసుకుని కళ్ళు మూసుకున్నాడు.

మొదటి నిమిషంలో నాన్న గుర్తొచ్చాడు. సాయంత్రం అయిదింటికి నాన్నా, అనుకున్నాడు. రెండో నిమిషంలో మళ్ళీ గుర్తొచ్చాడు. మళ్ళీ అదే మాట చెప్పుకున్నాడు. మూడో నిమిషానికి, ఎడమ పక్క రేగుపొదలో ఏదో ఆకుల్ని గీరుతున్న చప్పుడు వినపడింది. ఆ చప్పుడు ముందు నుంచీ ఉందని, తను వింటున్నది మాత్రం ఇప్పుడేనని అర్థమైంది. నాలుగో నిమిషంలో పొదలోనే ఇంకో గొంతు తోడైంది.

కళ్ళు తెరిచి లెక్క మొదలుపెట్టాడు. పొదలో రెండు పిగిలి పిట్టలు, కొమ్మ మీద పసిరిక పిట్ట. ఆకుల్ని గీరుతున్నది కౌజు, వెనకే దాని జత. దూరాన నెమలి అరిచింది. దాన్ని దాని గడిలో రాసి, మళ్ళీ పొదవైపు తిరిగాడు. పెన్సిలు ఆగకుండా నడిచింది. పది నిమిషాలు అయ్యేసరికి లోపలి గడిలో తొమ్మిది.

"మేడమ్, తొమ్మిది" అన్నాడు పక్కకి తిరుగుతూ.

రాయి మీద ఎవరూ లేరు. అతని కోసం ఫ్లాస్కు మూతలో పోసి పెట్టిన కాఫీ ఉంది. వేలు పెట్టి చూశాడు. ఎప్పుడో చల్లారిపోయింది.